స్విచ్చు మీద దస్తీ

వారానికి రెండు రోజులు మాకు చదువు, మిగతా రోజులు పని. వికారాబాదు ట్రైనింగ్ సెంటర్లో బెంచీ మీద కూర్చుని విన్నదాన్ని తాండూరు సిమెంటు ఫ్యాక్టరీలో చేతులతో చేసి నేర్చుకోవాలి. అప్రెంటిసు చదువంటే అది. కానీ ఆ రెండు చోట్లకూ మధ్య రైలు పట్టాలు తప్ప వేరే సంబంధం లేదని మొదటి వారంలోనే మాకు తెలిసిపోయింది. అక్కడ చెప్పింది ఇక్కడ చేస్తే తిట్లు, ఇక్కడ చేసేది అక్కడ చెబితే సున్నా మార్కులు. పుట్టింటి పద్ధతికీ అత్తగారింటి పద్ధతికీ మధ్య నలిగే కొత్త కోడలి బతుకు మాది.

ఎనభై ఆరు వానాకాలం అది. తాండూరు నుంచి వికారాబాదుకు ప్యాసింజరు బండిలో పోయివచ్చేది ఇద్దరమే, నేనూ అజమత్. మా నాయిన మొగులప్ప ఫ్యాక్టరీలో మిల్లు మేస్త్రి. అజమత్ వాళ్ళ అబ్బా గులాం నబీ అదే మిల్లుకు స్విచ్చు వేసే మనిషి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బండల గనిలో పలుగు పట్టినవాళ్ళు, ఒకే బీడీ చెరో సగం తాగినవాళ్ళు. రంజానుకు వాళ్ళింటి షీర్ ఖుర్మా మా ఇంటికి రావలసిందే. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని నబీ చాచా మా గడపలోకి వచ్చి, నాయినను అలాయ్ బలాయ్ అని గట్టిగా హత్తుకుంటేనే మా అమ్మ అందరికీ అన్నం వడ్డించేది.

మేము పనిచేసేదాన్ని గుండ్ల మిల్లు అనేవాళ్ళం. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప డ్రమ్ము, దాని నిండా ఇనుప గుండ్లు. అది తిరుగుతుంటే గుండ్లు పైకి లేచి దబదబా పడి లోపలి రాయిని పిండి చేస్తాయి. లోపలి ఇనుప పలకల బోల్టులు వదులైనప్పుడల్లా ఎవరో ఒకరు మూత తెరిచి, లోపలికి దిగి, గుండ్ల మీద కూర్చుని బిగించాలి. స్విచ్చు మాత్రం గోడ అవతల చిన్న గదిలో ఉంటుంది. అక్కడి మనిషికి మిల్లు కనిపించదు, మిల్లులో ఉన్నవాడికి ఆ మనిషి కనిపించడు.

అందుకే మా నాయిన దస్తీ. ఎవరైనా లోపలికి దిగేముందు నాయిన తన మెడకున్న ఎర్ర గళ్ళ దస్తీ విప్పి స్విచ్చు పిడికి ముడివేసేవాడు. అది ఉన్నంతసేపు ఆ పిడిని ఎవరూ తాకరు. పని అయ్యాక నాయినే వచ్చి విప్పుతాడు. దస్తీ లేకపోతే మిల్లు ఖాళీ అని అర్థం. ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పెద్ద ఇంజినీరు కూడా ఆ దస్తీ కనిపిస్తే గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు మా నాయిన మీసం దానంతట అదే మెలి తిరిగేది.

వికారాబాదులో హన్మయ్య సారు మాత్రం దస్తీల ఊసెత్తలేదు. "మిషన్ల తల పెట్టేటోడు ముందుగాల ఫ్యూజులు పీకాలె. పీకి ఎవనికిస్తవు? ఎవ్వనికియ్యొద్దు. నీ జేబుల పెట్టుకో. నువ్వు బయటికి వచ్చి, నీ చేత్తోని మళ్ళ పెట్టినంకనే మిషన్ తిరగాలె. నీ పానం నీ జేబుల ఉండాలె, ఇంకొకని యాదిల కాదు," అనేవాడు. అజమత్ ఆ మాటలకు తల ఊపుతూ వినేవాడు. నేను కిటికీలోంచి బయట మేకలను చూసేవాణ్ణి.

అజమత్ మొదటిసారి మిల్లులోకి దిగవలసిన రోజున సారు చెప్పినట్టే చేశాడు. నాయిన దస్తీ కట్టాక కూడా స్విచ్చు పక్కనున్న డబ్బా తెరిచి, పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. జేబులు రెండు పక్కలా ఉబ్బి కనిపించాయి. నాయిన చూశాడు.

"ఏందిరా జేబుల?"

"ఫ్యూజులు, కాకా. లోపలికి పోయేటోడు దగ్గర పెట్టుకోవాలెనని సారు చెప్పిండు."

"గా పిడికి ఏం కట్టున్నది? కండ్లు కనవడ్తున్నయా?"

"నీ దస్తీ, కాకా."

"గది ఉండంగ స్విచ్చు వేసే మొగోడు గీ తాండూర్ల ఇంక పుట్టలె. పుట్టిండనుకో, స్విచ్చు కాడ కూసున్నది ఎవడురా? మీ అబ్బా! కన్న తండ్రి మీద గూడ నమ్మకం లేదా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అజమత్ తల వంచుకున్నాడే గానీ ఫ్యూజులు బయటికి తీయలేదు. అప్పుడు నబీ చాచా గదిలోంచి వచ్చాడు. మెత్తని మనిషి, కోడిని కూడా తాను కోయడు, పక్కింటివాళ్ళ చేత కోయిస్తాడు. ఆ మనిషి అందరి ముందూ కొడుకును లాగి చెంప మీద కొట్టాడు.

"మొగులప్ప దస్తీనే షక్ చేస్తవా? గీ దస్తీ చూసుకుంటనే నేను ఇన్నేండ్ల సంది స్విచ్చు వేస్తున్న. తియ్, బయటికి తియ్! కాకను మాఫీ అడుగు."

అజమత్ ఫ్యూజులు తీసి డబ్బాలో తిరిగి పెట్టాడు. "తప్పయింది కాకా," అన్నాడు. నాయిన నవ్వి వాడి భుజం తట్టాడు. వాడు దస్తీ మీద నమ్మకంతోనే లోపలికి దిగాడు, పని చేసి వచ్చాడు. ఆ తర్వాత వానాకాలమంతా అలాగే దిగాడు. సన్నటి మనిషి, మూతలోంచి ఇట్టే దూరేవాడు, అందుకని బోల్టుల పని వాడి నెత్తినే పడింది. తనంత తానుగా మళ్ళీ ఫ్యూజుల జోలికి పోలేదు.

నా సంగతి వేరు. నేను లోపలికి దిగుతానన్నప్పుడల్లా నాయినకు ఏదో ఒక పని గుర్తుకొచ్చేది. ఒకసారి బేరింగులకు గ్రీజు పెట్టమన్నాడు, ఒకసారి బెల్టు చూడమన్నాడు, ఇంకోసారి స్టోరుకు పంపి ఏమీ లేకుండానే తిప్పించాడు. నాకు సిగ్గుగా ఉండేది. రైల్లో అజమత్ ఏడిపించేవాడు.

"నువ్వు మేస్త్రి కొడుకువు గద భాయ్. గ్రీజు పూసుకుంట షాదీ చేసుకుంటవ్. మిల్లులకు దిగుడు మాసొంటోళ్ళ పని."

వాడు నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ధారూరు స్టేషను దాటాక నేను బయటికి తిరిగి కూర్చున్నాను. కిటికీ బయట కందిచేన్లు పచ్చగా మొల దాకా లేచి ఉన్నాయి.

దసరా తర్వాత ప్రాక్టికల్ పరీక్ష. మిల్లు లోపలి పని చేసినట్టు మేస్త్రి చెబితేనే కూర్చోనిస్తారు. ఇంట్లో అన్నం దగ్గర గట్టిగా అడిగేశాను.

"అజమత్ ఎన్నిసార్లు దిగిండో లెక్కలేదు. నన్నొక్కసారి గూడ దింపవైతివి. పరీక్షల ఏం రాయాలె? గ్రీజు పూసిననని రాయాల్నా?"

నాయిన ముద్ద కలుపుతూ ఆగాడు. "పూజకు ముందు దినం బోల్టులు చూస్తరు గద. అప్పుడు దిగు. అజమత్ గూడ ఉంటడు."

అమ్మ నా వైపూ నాయిన వైపూ చూసింది. "లోపల భయం లేదు గదా?" అని అడిగింది.

"నా దస్తీ ఉన్నంక భయమెందుకే ఈశ్వరీ," అన్నాడు నాయిన.

ఆయుధ పూజ ముందు రోజు ఫ్యాక్టరీ పెళ్ళివారిల్లులా ఉంటుంది. మిషన్లన్నీ ఆపేస్తారు. ఆడవాళ్ళు దుమ్ము దులిపి, నీళ్ళు కొట్టి, ప్రతి పిడికీ పసుపు పూసి బొట్టు పెడతారు. మధ్యాహ్నం నబీ చాచా నమాజుకు పోయిన సమయంలో నాయిన మమ్మల్ని మిల్లు దగ్గరికి పిలిచాడు. మూత తెరిపించాడు. గదిలోకి పోయి దస్తీ కట్టి వచ్చాడు. ఎప్పటికంటే కాసేపు ఎక్కువ పట్టిందని అప్పుడు నాకు తోచలేదు. "జల్ది కానియ్యున్రి, నేను గేటు కాడికి పోయి పూలబండి చూసొస్త," అన్నాడు. వంగి దిగుతుంటే నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తడిగా ఉంది.

లోపల వేడి, సిమెంటు వాసన, కాలి కింద జారే గుండ్లు. అజమత్ టార్చి నోట్లో కరుచుకుని, నేను పట్టుకోవలసిన బోల్టులు వేలితో చూపిస్తున్నాడు. అన్నాళ్ళ ఏడిపింపులు మరిచిపోయి ఇద్దరం హుషారుగానే ఉన్నాం. మధ్యలో టార్చి తీసి ఏదో పరాచికం ఆడి మళ్ళీ కరుచుకున్నాడు కూడా.

ఖటక్.

స్విచ్చు పిడి పైకి లేచిన చప్పుడు గోడ అవతలి నుంచి వినిపించింది. ఆ చప్పుడు మాకు నిద్రలో కూడా తెలుసు. దాని వెంటనే మోటారు గుర్రుమనాలి, మిల్లు కదలాలి. అజమత్ నోట్లోంచి టార్చి జారి గుండ్ల మధ్యకు పోయింది. చీకట్లో మేమిద్దరం ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. మిల్లు కదలలేదు.

మళ్ళీ ఖటక్.

పారిపోవాలన్న తెలివి కూడా లేదు. బతికే ఉన్నామని తెలుస్తోంది. ఎందుకు బతికున్నామో తెలియడం లేదు. అజమత్ ఒక్కసారిగా ఇనుము అదిరేలా అరిచాడు.

"అబ్బా! బంద్ కరో! లోపల ఉన్నం! అబ్బా!"

మూతలోంచి ఎలా బయటపడ్డామో నాకు ఈ రోజుకూ గుర్తులేదు. మోచేతులు చెక్కుకుపోయాయి. బయట వెలుగులోకి వచ్చేసరికి నబీ చాచా గోడ మలుపులో నిలబడి ఉన్నాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత నా వెనక పాక్కుంటూ వస్తున్న కొడుకును చూశాడు. మనిషిలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. అక్కడికక్కడే నేల మీద కూలబడిపోయాడు.

"నేనే వేసిన," అన్నాడు. "పిడికి ఏం లేకుండె. బొట్టు పెట్టి ఉండె. పూజకు మూత ముందరికి తేవాలెనని... మిల్లు తిరగలేదని మళ్ళొకపారి గూడ వేసిన. అల్లా, రెండుపార్లు వేసిన."

ప్రతి ఏడూ అంతే. పూజకు ముందు మిల్లును ఒక చుట్టు తిప్పి, దండ వేసే వైపును ముందుకు తెచ్చేవాడు. మేము లోపల ఉన్నామని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పవలసింది దస్తీ. ఆ దస్తీ తొట్టి దగ్గర పద్మమ్మ చేతుల్లో ఉంది. ఊడ్చి కడిగే ఆవిడ. నీళ్ళు కారుతున్న దస్తీని పట్టుకుని ముందుకొచ్చింది.

"మాపుగున్నదని పిండిన సారూ. పిడికి బొట్టు పెట్టేటప్పుడు మైలగుడ్డ ఎందుకని... ఆరేసి మళ్ళ కడ్దామనుకున్న. నాకేమెరుక, లోపల పిల్లగాళ్ళున్నరని!"

ఆమె నోరు కొట్టుకుంటూ ఏడుస్తోంది. అప్పుడు నాయిన గేటు వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. బంతిపూల దండలు ఇంకా భుజం మీదే ఉన్నాయి. నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిమాడు. అజమత్‌ను తడిమాడు. ఆ తర్వాత ఖాకీ ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టి, మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులు తీసి దిమ్మె మీద పెట్టాడు.

"ఏం గాలె. ఏం గాదు. ఫ్యూజులు నా దగ్గరున్నయి," అన్నాడు రొప్పుతూ.

నబీ చాచా మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి నాయిన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వు మనిషివి గాదు మొగులప్పా. నా కొడుకును మళ్ళ నాకిచ్చినవ్. నా చేతులకు ఖూన్ అంటకుండ చేసినవ్," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నాయినను పొగిడారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. మా నాయిన ఎంత ముందుచూపు గల మనిషి అనుకున్నాను.

జనం కొంచెం పలచబడ్డాక నబీ చాచా దిమ్మె మీద కూర్చున్నాడు. పక్కనే మూడు ఫ్యూజులు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. అజమత్ కూడా వాటినే చూస్తున్నాడు. వాడి చెయ్యి మెల్లగా చెంప మీదకు పోయింది. తనకు తెలిసే చేశాడో లేదో నాకు తెలియదు.

"మొగులప్పా," అన్నాడు నబీ చాచా.

"ఊఁ."

"నేను దినాం గా డబ్బా ముందలనే కూసుంట. నువ్వు దస్తీ కట్టుడు చూస్త, విప్పుడు చూస్త. ఫ్యూజులు తీయంగ ఎన్నడు చూడలె."

నాయిన మెడ తడుముకున్నాడు.

"ఇయ్యాల నేను నమాజుకు పోయినప్పుడు తీసినవ్."

నాయిన భుజం మీది దండలు దించి కింద పెట్టాడు.

"నా కొడుకు ఒక్కడే దిగిన దినాలు గూడ తీసినవా?"

నాయిన తల ఎత్తలేదు. అవతల పూజ సామాను సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను నాయిన నోటి వైపే చూస్తున్నాను. అవునను నాయినా, ఒక్క మాట అను, అబద్ధమైనా ఆడు అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ఆయన అనలేదు. నబీ చాచా ఫ్యూజును దిమ్మె మీద జాగ్రత్తగా పెట్టి లేచాడు. కొడుకు భుజం పట్టుకుని గేటు వైపు నడిచాడు. ఆ రోజుకు పూజ ఏర్పాట్లు మా నాయిన లేకుండానే జరిగాయి.

ఇంటికి వచ్చాక జరిగింది నేనే చెప్పాను. అమ్మది సేడం వైపు, భయమేస్తే కన్నడంలోకి జారుతుంది. "ఏనాయ్తో, ఏనాయ్తో, ఏమైందిరా" అంటూ నన్ను గుండెకు అదుముకుంది. నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెడ మీద దస్తీ లేక, అంతవరకు ఎండ తగలని చోట చర్మం తెల్లగా కనిపిస్తోంది.

"సోంచాయించి చెయ్యలె ఈశ్వరీ," అన్నాడు. "దస్తీ కట్టిన. బయటికి రాబోయిన. కాళ్ళు రాలె. లోపల మనోడున్నడు అన్నట్టయింది. చెయ్యి దానంతట అదే డబ్బా తీసింది."

అమ్మ నన్ను వదిలింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి అజమత్ దిగినప్పుడు నీ చెయ్యి ఏడికి పోయింది?"

అరవలేదు. బియ్యంలో రాళ్ళున్నాయా అని అడిగినట్టే అడిగింది. మా నాయిన ఎవరి చేతా ఒక మాట పడని మనిషి. ఆ మాట పడ్డాడు. తన దాకా వస్తే గానీ తెలియదు అంటారు కదా, తన దాకా వచ్చినప్పుడు నాయినకు ఏం తెలిసిందో నేను చూశాను. నాయిన దస్తీ మీద ఊరంతటికీ నమ్మకం ఉంది. నాయినకు లేదు. వానాకాలమంతా నేను గ్రీజు పూస్తూ ఎందుకు బతికానో ఆ పూట అర్థమైంది.

దసరా నాడు పొద్దు వాలాక నాయిన జమ్మి ఆకు పట్టుకుని గడపలో నిలబడ్డాడు. వీధిలో వాళ్ళంతా వచ్చిపోయారు. అమ్మ అన్నం వండి మూత పెట్టి కూర్చుంది. నబీ చాచా రాడనే అనుకున్నాను. వచ్చాడు. తలకు టోపీ, ఉతికిన తెల్ల చొక్కా, వెనకాల అజమత్. చాచా చేతిలో నాయిన దస్తీ ఉంది. పద్మమ్మ పిండి ఆరేస్తే, చక్కగా మడతపెట్టి తెచ్చాడు.

అమ్మ లేచి ఇచ్చిన జమ్మి ఆకు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని హత్తుకున్నాడు, ఎప్పటికంటే గట్టిగానే. తర్వాత నాయిన ఎదుటికి వచ్చాడు. నాయిన చేతులు చాచాడు.

చాచా ఆ చేతుల్లో దస్తీ పెట్టాడు.

"నీ మీద గుస్సా లేదు మొగులప్పా. నీ కొడుకు కోసం నువ్వు చేసింది తప్పు గాదు, నేనైనా గట్లనే చేద్దును," అన్నాడు. తన కుడి చెయ్యి ఎత్తి తానే చూసుకున్నాడు. "గీ చేత్తోని నా కొడుకును కొట్టిన. నీ ఇజ్జత్ కోసం. వాడు చెప్పింది నిజం, నువ్వు చెప్పింది ఝూట్. గది నాకు మింగుడు పడ్తలేదు."

అలాయ్ బలాయ్ తీసుకోకుండానే గడప దిగాడు. అజమత్ ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి తండ్రి వెంట పోయాడు. మూత తీయని అన్నం పొద్దుపోయేదాకా అలాగే ఉంది.

పండుగ తర్వాత మిల్లులో మళ్ళీ బోల్టులు వదులయ్యాయి. అజమత్ దిగవలసిన రోజున నాయిన దస్తీ కట్టలేదు. అసలు దస్తీయే తెచ్చుకోలేదు. అందరూ చూస్తుండగా గదిలోకి పోయి, ఫ్యూజులు పీకి తెచ్చి, వాడి ముందు చేతులు చాపాడు. అజమత్ వాటిని ఒక్కొక్కటే తీసుకుంటూ, పైకి వినిపించేలా లెక్కపెట్టాడు. ఏక్, దో, తీన్. లెక్క అయ్యేదాకా మా నాయిన హోంవర్కు చూపించే పిల్లాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. ఈసారి చుట్టూ ఒక్కరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచీ అదే పద్ధతయింది. వాడు దిగిన ప్రతిసారీ లెక్కపెట్టేవాడు, ప్రతిసారీ నాయిన నిలబడేవాడు. మెడకు మళ్ళీ దస్తీ కట్టగా నేను చూడలేదు. ఎండాకాలం వచ్చాక కూడా చెమట మోచేత్తోనే తుడుచుకునేవాడు. నబీ చాచా ఇంజినీరును అడిగి వేరే సెక్షనుకు మారిపోయాడు. దారిలో కనిపిస్తే ఇద్దరూ సలాం చెప్పుకునేవాళ్ళు, బీడీ మాత్రం ఎవరిది వాళ్ళే కాల్చుకునేవాళ్ళు.

నేనూ దిగేవాణ్ణి. నేను దిగే రోజున నాయిన ఫ్యూజులు పీకి నాకు ఇచ్చేవాడు కాదు, తన జేబులోనూ పెట్టుకునేవాడు కాదు. తీసుకుపోయి అజమత్ చేతుల్లో పెట్టేవాడు. ఆ రోజున మాత్రం వాడు లెక్కపెట్టేవాడు కాదు. మూడింటినీ రెండు చేతులతో కడుపుకు అదిమి పట్టుకుని, నేను బయటికి వచ్చేదాకా మూత పక్కనే నిలబడేవాడు.